జబ్బుకు చోటుంది, మగ్గానికి లేదు

డిగ్రీ కాలేజీల్లో కొత్తగా లెక్చరర్లుగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు హిందూపురంలో మా ఇంటికి వస్తుంటారు. సిలబస్ ఎట్లా ముగించాలి, గోల చేసే క్లాసును ఎట్లా అదుపులో పెట్టాలి అని అడుగుతారు. హాజరు రూలు పిల్లలకు అర్థమయ్యేలా ఎట్లా చెప్పాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. నోటితోనే చెప్పి, కాఫీ ఇచ్చి పంపేదాన్ని.

నేను కామర్స్ చెప్పాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్ళ కాలేజీల మధ్యే నా ఉద్యోగమంతా తిరిగింది. ఎక్కడికి వెళ్ళినా హాజరు, పరీక్షల వ్యవహారం నా నెత్తినే పడేది. ఎందుకంటే మిగతావాళ్ళు తప్పించుకునేవాళ్ళు, నాకు తప్పించుకోవడం చేతకాదు.

మా నాయనకు బెల్లం అంగడి ఉండేది. బేరం కుదరకముందే సరుకు గుణం చెప్పెయ్యాలి అనేవాడు ఆయన. కాలేజీల్లో మనం చేసేది దీనికి తలకిందులు. పిల్లవాడిని చేర్చుకుంటాం, ఏడాది పోగొట్టుకోనిస్తాం, ఆ తర్వాత పిలిచి రూలు గుణం చెబుతాం.

పేరు తెలుసు, సంగతి తెలియదు

బ్యాక్‌లాగ్, ఇంటర్నల్స్, క్రెడిట్స్, డిటెన్షన్, కండోనేషన్. కాలేజీలో చేరిన పది రోజులకే ఈ మాటలు పిల్లల నోళ్ళలో ఆడుతుంటాయి. మాట ఆడుతోంది కదా అని అర్థమైందనుకుంటాం. అక్కడే మోసపోతాం.

హిందూపురంలో పనిచేసేటప్పుడు భాగ్య అనే అమ్మాయి అమరాపురం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివేది. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. మొదటి సెమిస్టర్లో ఒక పేపరు పోయింది. సంక్రాంతికి కాదు, ఉగాదికి కాదు, మామూలు శనివారం నాడు ఇంటికి పోయిన పిల్ల మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ళమ్మ మాట్లాడింది.

"ఫెయిలయిపోయిందంట కదా మేడం. ఇంక దుడ్లు దండగ ఎందుకని గార్మెంట్సుకి పంపిస్తాండాము."

"ఫెయిల్ కాలేదమ్మా. ఒక్క పేపరు మిగిలింది, అంతే. పైక్లాసుకు పోతూనే దాన్ని మళ్ళీ రాసుకోవచ్చు."

"అట్లెట్ల అవుతాది మేడం? మా పెద్దోడు టెన్తులో ఒక్కటి పోతేనే ఇంటికాడ కూర్చున్నాడు కదా!"

ఆ తల్లిది తెలివితక్కువతనం కాదు. ఒక సబ్జెక్టు పోతే చదువు పోయినట్టే అని వాళ్ళ ఇల్లు ఒకసారి దెబ్బతిని నేర్చుకుంది. బ్యాక్‌లాగ్ అనే మాట ఆ దెబ్బకు మందు వెయ్యలేదు. నేను పదేపదే ఫోన్లు చేసి విసిగిస్తే భాగ్య మరుసటి ఏడాదికి తిరిగి వచ్చింది, గట్టెక్కింది. నా అనుభవంలో ఇట్లా తిరిగి వచ్చినవాళ్ళు తక్కువ. వెళ్ళిపోయినవాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారో మనకు తెలియను కూడా తెలియదు, హాజరు పట్టీలో పేరు కొట్టేసి ఊరుకుంటాం.

మైకులో రూళ్ళు

పెనుకొండలో నా పైన ఒక ప్రిన్సిపాల్ ఉండేవాడు. చెడ్డవాడు కాదు, కానీ ఆయన గొంతు ఆయనకు మహా ఇష్టం. కొత్త పిల్లలందరినీ ఎండలో కూర్చోబెట్టి, యూనివర్సిటీ రూళ్ళు ఇంగ్లీషులో మొదటి నుంచి చివరిదాకా మైకులో చదివేవాడు. చదివి, ఏమైనా సందేహాలున్నాయా అని అడిగేవాడు. ఒక ఏడాది నల్లమాడ వైపు పిల్లవాడు ఒకడు లేచి నిలబడ్డాడు. ప్రిన్సిపాల్ మురిసిపోయాడు.

"సార్, బస్సు పాసులు ఎప్పుడిస్తారు సార్?"

అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే ఆ గంటసేపట్లో పనికొచ్చే మాట అడిగింది వాడొక్కడే అనిపించింది. బస్సు పాసు లేకపోతే వాడు రాలేడు, రాకపోతే హాజరు ఉండదు, హాజరు లేకపోతే పరీక్ష లేదు. వాడు రూలును కింది నుంచి చూశాడు, మేము పై నుంచి చదివాం.

ఆ తర్వాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. రూలు తెలుగులో చెప్పి వదిలెయ్యకుండా పిల్లవాడి చేత నాకు తిరిగి చెప్పించుకునేదాన్ని. "మీ ఇంట్లో మీ అవ్వకు ఎట్లా చెబుతావో అట్లా చెప్పు" అనేదాన్ని. కొత్తగా చేరినవాళ్ళు ఈ ఒక్క పనైనా చెయ్యండి. పిల్లవాడు తిరిగి చెప్పేటప్పుడే వాడు ఎక్కడ తడబడుతున్నాడో తెలుస్తుంది. రూళ్ళు ఏడాదికోసారి మారుతుంటాయి కాబట్టి మీరు కూడా కొత్తవి చదువుకోవాలి. ఆ పని చేసే లెక్చరర్లు నాకు అరుదుగా కనిపించారు.

ఇంత చేసినా అన్నీ మన చేతిలో ఉండవు. రూలు బాగా అర్థమై కూడా కొంపలు మునగొచ్చు. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

కామెర్ల కాలం

కండోనేషన్ సంగతి ముందు చెప్పాలి. వందకు డెబ్బై అయిదు రోజులు రాని విద్యార్థిని పరీక్ష రాయనివ్వరు, అదే డిటెన్షన్. ఆ సెమిస్టరు మళ్ళీ మరుసటి ఏడాది జూనియర్ల పక్కన కూర్చుని చదవాలి. అయితే హాజరు కొద్దిగా తగ్గినవాళ్ళకు ఒక దయ ఉంది. నాకు జబ్బు చేసింది అని డాక్టరు సర్టిఫికెట్ తెచ్చి, జరిమానా కడితే క్షమించి పరీక్షకు పంపుతారు. ఈ క్షమించడానికే కండోనేషన్ అని పేరు.

ధర్మవరం కాలేజీలో సెమిస్టరు చివరికి వచ్చేసరికి పిల్లలందరికీ జబ్బులు వచ్చేవి. కాగితం మీద. మామూలు జ్వరం రాస్తే నాలుగు రోజులకే సరిపోతుంది కాబట్టి ఎక్కువ రోజులు మంచం పట్టించే జబ్బు కావాలి. అందుకని కామెర్లు. సర్టిఫికెట్లు దొంతరగా నా బల్ల మీద పడేవి. కామెర్లు వచ్చిన కుర్రాళ్ళు కిటికీ బయట క్రికెట్ ఆడుతుండేవాళ్ళు. నాకు తెలుసు, ప్రిన్సిపాల్‌కు తెలుసు, పైన యూనివర్సిటీవాళ్ళకూ తెలుసు. వాళ్ళలో నిజంగా చెడిపోయి తిరిగినవాళ్ళు కొందరే. మిగిలినవాళ్ళు శెనక్కాయ పీకడానికి చేలకు పోయినవాళ్ళు, ఇంట్లో పని తప్పనివాళ్ళు. శెనక్కాయ పీకాడు అని రాస్తే క్షమించరు. జబ్బు చేసింది అని రాస్తే క్షమిస్తారు. అందరం కలిసి ఒప్పుకున్న అబద్ధం అది, దానితో పిల్లల ఏడాదులు నిలబడేవి. అది తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

ఓబులేసు మూడో ఏడాది బీకాం. నేత ఇంటి పిల్లవాడు. నా క్లాసులో లెక్క తప్పితే బోర్డు మీదిది తప్పయి ఉంటుంది గానీ వాడిది కాదు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక అక్కడ అకౌంట్స్ ఉద్యోగం చెయ్యాలని వాడి ఆశ. దానికి డిగ్రీ కావాలి. డిగ్రీకి ఇంకా రెండు సెమిస్టర్లు ఉన్నాయి. చెల్లెలు సుజాత ఇంటర్ చదివేది. దాన్ని నర్సింగ్ చదివిస్తానని కూడా నాతో అన్నాడు. ఇంట్లో పెద్దకొడుకులు మాట్లాడినట్టే మాట్లాడేవాడు.

అయిదో సెమిస్టర్లో వాడి హాజరు తగ్గింది. పెళ్ళిళ్ళ కాలం, వాళ్ళ మగ్గం మీద పెద్ద అంచు పట్టుచీరలు. ఆ చీరకు వాళ్ళ నాయన ఒక్కడి చేతులు చాలవు, అంచు దగ్గర రెండో మనిషి కూర్చోవాలి. ఎప్పుడూ వాళ్ళమ్మ కూర్చునేది. ఆ కాలంలో ఆమెకు నడుము పట్టేసి మగ్గం గుంతలోకి దిగలేకపోయింది. ఆమె చోట్లో ఓబులేసు కూర్చున్నాడు.

నాగప్ప మాట

సర్టిఫికెట్ తెమ్మని చెప్పి పంపితే వాడు వాళ్ళ నాయనను వెంటబెట్టుకొచ్చాడు. నాగప్ప సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"అమ్మా, నా కొడుక్కు రోగం వచ్చిందని రాయించుకొని రమ్మన్యారంట?"

"అందరూ తెచ్చేదే నాగప్పన్నా. కాగితం కోసమే."

"వానికి రోగం లేదు కదమ్మా. మగ్గం కాడ నాతోపాటు కూర్చున్యాడు. కావాలంటే చీర తీసుకుపోయిన షావుకారును పిలుచుకొస్తా, ఆయప్ప చెప్తాడు. ఆ మాటే రాయండి."

మా ధర్మవరం ప్రిన్సిపాల్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మంచివాడు, నవ్వుతూనే చెప్పాడు. "మగ్గం నేశాడని రాస్తే క్షమించే రూలు లేదు పెద్దాయనా. ఏదో ఒక జబ్బు ఉండాలి. కామెర్లని రాయిద్దాం."

నాగప్ప ముఖం మారిపోయింది. ఆ మాట వినగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ పేరు అనొద్దు సామీ. మా తమ్ముడు దాంతోనే పోయినాడు. మా ఇంట్లో ఆ పేరు పలకం. లేని రోగాన్ని కొడుకు పేరు మీద రాయిస్తే అది ఇల్లు యాడుండాదో తెలుసుకొని వస్తాది. పైన తథాస్తు దేవతలు ఉంటారు."

"పోనీ ఇంకో జబ్బు రాయిద్దాం అన్నా" అన్నాను.

"ఏ రోగమైతేనేమి తల్లీ, రోగం రోగమే కదా."

దండం పెట్టి వెళ్ళిపోయాడు. నాకు కోపం వచ్చింది. కొడుకు భవిష్యత్తు కన్నా మూఢనమ్మకం ఎక్కువా అనుకున్నాను. మా ఇంట్లో కూడా చిన్నప్పుడు చెడ్డ మాట నోట్లో నుంచి వస్తే మా అవ్వ నోటి మీద కొట్టి, తథాస్తు దేవతలు అనేది. కామర్స్ చదివాక ఆ సంగతి మరిచిపోయాను.

రెండు రోజులకు ఓబులేసు ఒక్కడే వచ్చాడు. చేతిలో సర్టిఫికెట్, అన్ని రోజులకూ సరిపోయే జబ్బు, కామెర్లు.

"మా నాయనకు చెప్పొద్దండి మేడం."

తీసుకున్నాను. పైకి పంపాను. వాడు పరీక్షలు రాశాడు. ప్రిన్సిపాల్ సారు మన మాటకే ఒప్పుకున్నాడు అని ఇంట్లో చెప్పుకున్నాడు. వారం తిరక్కముందే నాగప్ప ఆకు వక్క, అరటిపండ్లు పట్టుకుని కాలేజీకి వచ్చాడు. "మగ్గం మాటకు విలువ ఇచ్చినారు సామీ" అని ప్రిన్సిపాల్ చేతిలో పెట్టాడు. ఆయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఆ పండ్లు స్టాఫ్ రూములో ఎవరు తిన్నారో నాకు తెలియదు, నేను తినలేదు.

సుజాత

ఆరో సెమిస్టరు మొదలైన కొన్నాళ్ళకు ఓబులేసు వాళ్ళ వీధిలో నిజంగా కామెర్లు వచ్చాయి. కుళాయి నీళ్ళలో మురుగు కలిసిందని తర్వాత తేలింది. చాలా ఇళ్ళలో మంచాలు పడ్డాయి. సుజాతకూ వచ్చింది. మొదట చెన్నేకొత్తపల్లి వైపు ఎవరో ఆకు పసరు ఇస్తారంటే అక్కడికి తీసుకెళ్ళారు. తర్వాత అనంతపురం పెద్దాసుపత్రి. ఓబులేసు చెల్లెలి మంచం పక్కనే ఉండిపోయాడు. కాలేజీకి రాలేదు. ఆ అమ్మాయి బతకలేదు.

దినాలు అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది, దాని మీద గుడ్డ కప్పారు. వాళ్ళమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, నన్ను చూసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నాగప్ప వాకిట్లో నిలబడ్డాడు గానీ నా ముఖం చూడలేదు. కొడుకు ఆయనకు అంతా చెప్పేశాడని అర్థమైంది.

ఓబులేసు నన్ను సాగనంపడానికి వీధి మలుపు దాకా వచ్చాడు.

"నేనే పిలిచినా మేడం. ఇల్లు చూపించినా."

"పిచ్చిమాటలు మాట్లాడొద్దురా. నీళ్ళతో వచ్చింది. మీ వీధిలో ఎంతమందికి వచ్చింది, వాళ్ళందరూ సర్టిఫికెట్ రాయించుకున్నారా?"

"వాళ్ళందరూ బతికినారు మేడం."

వాడు వెనక్కి తిరిగి ఇంటికి నడిచాడు.

ఇది చదివి, అయితే ఆ సర్టిఫికెట్ తీసుకోవడం తప్పే కదా మేడం అని మీరు అడగొచ్చు. కాదంటాను. మళ్ళీ అట్లాంటి పిల్లవాడు వస్తే మళ్ళీ తీసుకుంటాను. తప్పు ఎక్కడుందో చెబుతాను. పిల్లలు పనిచేసి బతికే ఊళ్ళ కోసం రాసిన రూలు కాదది. జబ్బుకు అందులో చోటు పెట్టారు, మగ్గానికి పెట్టలేదు, శెనక్కాయ చేనుకు పెట్టలేదు. నిజం చెప్పుకునే తోవ లేకుండా చేసి, పిల్లల చేత వాళ్ళకు భయమైన మాట రాయించారు. మనం నవ్వుకుంటూ కాగితం అనుకున్నదాన్ని కొన్ని ఇళ్ళలో శాపం అనుకుంటారు. కాబట్టి హాజరు తగ్గుతోందని తెలిసిన మొదటి నెలలోనే పిల్లవాడిని పిలవండి. ఇంటికి వెళ్ళండి. కాగితం దాకా రానివ్వకండి.

ఆఖరి తేదీ

ఆస్పత్రిలో గడిచిన రోజులు, దినాలు, ఆ తర్వాత వాడు ఇంట్లోంచి కదలని రోజులు అన్నీ కలిసి ఓబులేసు హాజరు మళ్ళీ తగ్గింది. ఇది ఆఖరి సెమిస్టరు, దాటితే డిగ్రీ. చెల్లెలు చనిపోయిందని రాసి పంపుదామని ప్రిన్సిపాల్‌తో నేను గట్టిగా వాదించాను. ఆయన పైకి ఫోన్ చేసి అడిగాడు కూడా. విద్యార్థికి జబ్బు చేస్తేనే అని జవాబు వచ్చింది. మళ్ళీ అదే సర్టిఫికెట్ కావాలి.

ఓబులేసును పిలిపించాను. నచ్చజెప్పాను, తిట్టాను, బతిమాలాను.

"జ్వరం అని రాయించరా. తలనొప్పి అని రాయించు, ఏదో ఒకటి."

"ఇంట్లో ఇంక అమ్మా నాయనే ఉండారు మేడం" అన్నాడు.

అంతే. మరుసటి ఏడాది జూనియర్లతో కలిసి మళ్ళీ చదవొచ్చు, రీ-అడ్మిషన్ ఉంది అని చెబితే తల ఊపాడు. వినే మనిషి తల ఊపినట్టు లేదు.

ఆఖరి తేదీ నాడు సాయంత్రం కాలేజీ వదిలేవేళ నాగప్ప వచ్చాడు. పంచె మీద చొక్కా, చేతిలో ఏమీ లేదు. ఈసారి కుర్చీ చూపించకుండానే కూర్చున్నాడు. ఆయన ఎంత అలసిపోయి ఉన్నాడో అప్పుడు చూశాను. కూతురు పోయాక ఆయనతో నేను మాట్లాడింది అదే మొదలు. తిడతాడనుకున్నాను, తిట్టినా పడదామనుకున్నాను.

"అమ్మా, ఈ పొద్దే ఆఖరంట కదా."

"అవును అన్నా."

"వాడు రాయించుకోడు. నేను చెప్పి చూసినా, వినడు. వాని పేరు వద్దు తల్లీ. నా పేరు మీద రాయించుకొని వస్తా. నాకు రోగమని రాయండి, నన్ను చూసుకోడానికి వాడు ఇంట్లో ఉన్యాడని రాయండి. డాక్టరు దగ్గరికి ఇప్పుడే పోతాను. ఏ రోగమైనా సరే. కామెర్లని రాసినా సరే."

ఆయన చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి.

తండ్రి జబ్బు లెక్కకు రాదని ఆయనకు చెప్పాల్సినదాన్ని నేనే. చెప్పాను. ఆయన లేచి దండం పెట్టి వెళ్ళాడు. మరుసటి ఏడాది కూడా ఓబులేసు చేరలేదు, వాడి డిగ్రీ అక్కడే ఆగిపోయింది.